నాలుక మీద లెక్క

లస్కరు ఏసోబు పొద్దుటే
డ్రెయిను తలుపు దగ్గర వంగి, దోసిట్లో నీళ్లు తీసి
నాలుక కొసకి తాకించి ఉమ్మేసేవాడు.
చెవి మీది పెన్సిలు దించి
అట్ట ఊడిన పుస్తకంలో తేదీ పక్కన ఒకే మాట:
చప్పన. చప్పన. చప్పన. ఉప్పన.
ఆ గొలుసుకట్టు రాతలో
ఉప్పన అన్నాడో ఉప్పెన అన్నాడో
ఇప్పటికీ పోల్చుకోలేను.

మా నాన్న కౌలు చేసేనాటికి
ఆ రెండో మాట రోహిణీ కార్తెకి గాని పడేది కాదు.
నేను అరక పట్టేనాటికి ఉగాదికి ముందే.
మొన్నటేడు దాళ్వా నాటు తిరక్కముందే పడింది.
పుస్తకం తిరగేస్తుంటే
సముద్రం కేలెండరులో మెట్లెక్కుతున్నట్టుంది.

పేపరువాళ్లు వచ్చి అడిగితే బొగ్గు గురించి చెప్పాను.
ఎక్కడెక్కడో కాలే బొగ్గు, కరిగే మంచు,
పైన ఆనకట్టల దగ్గరే ఆగిపోయిన ఒండ్రు,
పాలందని దూడలా కుంగుతున్న మా నేల.
అంతా నిజమే.
చెప్పనిది ఒకటుంది.

ఎకరా ముప్ఫై సెంట్లు తవ్వి రొయ్య వేసినప్పుడు
రొయ్యకి ఉప్పు కావాల్సొచ్చింది.
ఏసోబు డబ్బు ముట్టలేదు.
అమావాస్య పోటు రాత్రి
తలుపు దిగే గాడిలో నేనే ఇటిక పెట్టాను.
ఇటికంత సందు.
అందులోంచి సముద్రం పిల్లిలా వచ్చింది.

సూరాయమ్మ చేను మా చెరువు పక్కనే.
పది రోజుల్లో వరి కొసలు ఎర్రబడ్డాయి.
మడి మీద తెల్లగా,
ఎవరో ముగ్గు మొదలెట్టి మరిచిపోయినట్టు.
కొబ్బరి పిందెలు రాత్రిళ్లు టపటపా రాలేవి.
"కాలం మారిపోయిందిరా అబ్బాయ్" అంది
నా గట్టు మీదే కూచుని.
అవునన్నాను.
ఏరేటర్లు తిరుగుతున్నాయి. డీజిలు పొగ
మా ఇద్దరి మధ్య నుంచే పైకి పోయింది.

సముద్రం జానెడు లేచిందంటే
దాని కింద కూడా ఎవరో ఇటికలు పెట్టారనే కదా.
ఒకడు కాడు. చీకట్లో, వరసగా.
ఎవడి ఇటిక వాడికి చిన్నది.

తెల్లమచ్చ తగిలి మూడో పంట తేలిపోయాక
పాలెం నుంచి సంగాని కాసులమ్మ వచ్చింది,
భుజాన మడ గింజల గోతంతో.
కౌలుకి కావాలా, కొంటావా అన్నాను.
"రెండూ కాదు. గట్టుకి గండి కొట్టు" అంది.
పుల్లతో బురదలో చేప ముల్లు గీసింది:
నడుమ పెద్ద కాలువ, అటూ ఇటూ పిల్ల కాలువలు.
పోటు రావాలి, పాటు పోవాలి,
నిలవుంటేనే ఉప్పు చంపుద్ది అంది.

తవ్వేటప్పుడు కూలీలు దొరికారు,
పూడ్చేటప్పుడు నేనూ నా పారా.
తొమ్మిది వందల మొక్కల్లో
పీతలు కొన్ని కొరికాయి, గేదెలు కొన్ని మేశాయి,
నవంబరు వాయుగుండం కొన్నిటిని పీక్కెళ్లింది.
నాలుగొందల చిల్లర నిలిచాయి, మోకాలెత్తున.
బురదలోంచి వాటి ఊపిరి వేళ్లు పైకి లేస్తే
మొదట మేకులనుకున్నాను.

సూరాయమ్మ ఉప్పుకి ఓర్చే రకం వేసింది.
గింజ ముతక, అన్నం బిరుసు అంటుంది. తింటుంది.
ఆమెకి ఇటిక సంగతి చెప్పేశాను.
ఆ రోజు మాట్లాడలేదు.
ఇంకా మాట్లాడలేదు.

ఏసోబు రిటైరయ్యాడు. కొత్త లస్కరుని వెయ్యలేదు.
పుస్తకం నా చేతికిచ్చాడు, పెన్సిలుతో సహా.
ఇవాళ పొద్దుటే వంగి దోసిట్లో తీసుకున్నాను.
ఎంతసేపుంచుకున్నా
చప్పనో ఉప్పనో తేలలేదు.
ఆ ఉప్పు తిన్న నాలుకే కదా.

తేదీ పక్కన రాశాను:
తెలీలేదు.
గాడిలో ఇటిక లేదు.